పన్నెండవ తరగతిలో ఆంగ్ల సాహిత్యం: ఏ దారి ఎవరికి?

పదవ తరగతి ఫలితాలు వెలువడిన వారం రోజులకే సరిహద్దు గ్రామాల ఇళ్ళలో ఒక పెద్ద చర్చ మొదలవుతుంది. సైన్సా, కామర్సా, ఆర్ట్సా అన్నదే ఆ చర్చలో ప్రధానాంశం. భాషలకు సంబంధించిన గడిని మాత్రం అన్నిటికన్న చివర, కార్యాలయంలో దరఖాస్తులు తీసుకొనే గుమాస్తా చెప్పినట్లు నింపి సంతకం చేయడం మనకు అలవాటు. రాబోయే రెండేళ్ళు బిడ్డ ఏ భాషలో చదివి రాయబోతున్నది, ఇంటి భాషకు బడిలో చోటు మిగులుతుందా లేదా అన్న సంగతులు తేలిపోయేది ఆ చిన్న గడిలోనే.

ఆంగ్ల సాహిత్యం తీసుకుంటే ఇంగ్లిష్ బాగా వస్తుందా, మార్కులు తగ్గుతాయా, రాత నేర్పే కోర్సు వలన ముందుముందు ప్రయోజనమేమైనా ఉన్నదా అని అడిగే తల్లిదండ్రుల సంఖ్య పెరుగుతున్నది. మంచి ప్రశ్నలే. వీటికి సమాధానం వెదికే ముందు మన చుట్టూ ఉన్న బోర్డులలో ఆంగ్లం ఏయే రూపాలలో ఉన్నదో తెలుసుకోవడం అవసరం.

చివరి ఏటి ఎంపిక ముందు ఏడాదిలోనే

మొట్టమొదట గమనించవలసినది కాలం. పన్నెండవ తరగతిలో ఏ ఆంగ్ల కోర్సు చదవాలన్నది పన్నెండవ తరగతికి వచ్చిన తరువాత నిర్ణయించుకొనే విషయం కాదు. కేంద్ర మాధ్యమిక విద్యామండలి, అనగా సి.బి.ఎస్.ఇ., పదకొండు, పన్నెండు తరగతులను కలిపి రెండేళ్ళ కోర్సుగా పరిగణిస్తుంది. పదకొండవ తరగతిలో ఏ విషయాలు నమోదైతే వాటినే పన్నెండులో కొనసాగించాలన్నది సాధారణ నియమం. కర్ణాటకలోని పి.యు.సి., ఒడిశాలోని ప్లస్ టూ, తమిళనాడులోని హయ్యర్ సెకండరీలలోను ఆచరణ ఇటువంటిదే. కాబట్టి చివరి సంవత్సరం గురించిన ఆలోచన పదవ తరగతి సెలవుల్లోనే జరగాలి. చేరిన తరువాత మనసు మారితే మొదటి కొన్ని వారాలలోనే ప్రధానోపాధ్యాయుని కలవాలి. ఆలస్యమైతే దారి మూసుకుపోతుంది.

కోర్ అంటే ఏమిటి, ఎలెక్టివ్ అంటే ఏమిటి

సి.బి.ఎస్.ఇ. బడులలో ఆంగ్లం రెండు రకాలు. మొదటిది ఇంగ్లిష్ కోర్, రెండవది ఇంగ్లిష్ ఎలెక్టివ్. రెండింటిలో ఏదో ఒకదానినే తీసుకోవాలి. రెండూ కలిపి తీసుకొనే వీలు లేదు. పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలల్లో 2023–24 నుండి సి.బి.ఎస్.ఇ. పాఠ్యప్రణాళిక ప్రవేశించినందువలన యానాం కుటుంబాలు కూడ ఈ తేడాను తెలుసుకొని ఉండటం మంచిది.

కోర్ అంటే వ్యాకరణం, ఉత్తరాలు మాత్రమేననీ, సాహిత్యమంతా ఎలెక్టివ్‌లోనే ఉంటుందనీ చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు అభిప్రాయం. ఇటీవలి సంవత్సరాల కోర్ ప్రశ్నపత్రంలో రాతపరీక్ష 80 మార్కులకు ఉంటే, అందులో 22 చదివి అర్థం చేసుకొనే భాగాలకు, 18 రచనకు, మిగిలిన 40 సాహిత్యానికి కేటాయించారు. వినడం, మాట్లాడటం, ప్రాజెక్టు పనులకు మరో 20 మార్కులు బడిలోనే ఇస్తారు. అనగా కోర్ తీసుకున్న విద్యార్థి కూడ రాతపరీక్షలో సగభాగం సాహిత్యమే చదువుతున్నాడు. ఆ 18 మార్కుల రచనలో ప్రకటన, ఆహ్వానం, దరఖాస్తు లేదా ఉత్తరం, వ్యాసం లేదా నివేదిక వంటివి ఉంటాయి. జీవితంలో వెంటనే అక్కరకు వచ్చే రాత ఇదే.

కోర్ పన్నెండవ తరగతికి 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని అనుసరించి వచ్చిన ఫ్లెమింగో, విస్టాస్ అనే రెండు పుస్తకాలున్నాయి. వాటిలో మన ప్రాంతాలకు దగ్గరి రచనలు లేకపోలేదు. తమిళ రచయిత కల్కి కథ, బామా బాల్యజ్ఞాపకాలు విస్టాస్‌లో ఉన్నాయి. సికింద్రాబాదులో పుట్టి తమిళంలో రచనలు చేసిన అశోకమిత్రన్ మద్రాసు జెమినీ స్టూడియో గురించి రాసిన వ్యాసం ఫ్లెమింగోలో ఉన్నది.

ఎలెక్టివ్ దీనికన్న లోతైనది. దాని పుస్తకం కెలైడోస్కోప్. కథ, కవిత, వ్యాసం, నాటకం అనే నాలుగు ప్రక్రియలను విడివిడిగా పరిచయం చేస్తుంది. దీనితోపాటు ఒక నవలను పూర్తిగా చదవాలి. ప్రశ్నలు కథలో ఏం జరిగిందని అడగటంతో ఆగవు. రచయిత ఆ మాటనే ఎందుకు వాడాడు, చెబుతున్న పాత్రను ఎంతవరకు నమ్మవచ్చు, ఆ కవితలో ఆ పోలిక చేసే పని ఏమిటి అని అడుగుతాయి. కన్నడ నాటకకర్త గిరీశ్ కర్నాడ్ రచించిన బ్రోకెన్ ఇమేజెస్ నాటకం ఈ పుస్తకంలో చోటు చేసుకున్నది. కన్నడ కథారచయిత్రిగా ఉన్న ఒక స్త్రీ ఆంగ్ల నవలతో పేరు పొందడం, ఆమెను భాషల ప్రశ్న నిలదీయడం అందులోని విషయం. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి, బ్రతుకుతెరువు భాష మరొకటిగా పెరిగిన పిల్లలకు ఈ విషయం వివరించి చెప్పనవసరం లేదు.

పాఠ్యాంశాలు ఏటా స్వల్పంగా మారుతుంటాయి గనుక ఆయా సంవత్సరపు సిలబస్‌ను బోర్డు వెబ్‌సైటులో చూసి ధ్రువపరచుకోవడం మేలు. ఎలెక్టివ్ బోధించే బడులు తక్కువే. కాబట్టి ముందు అడగవలసిన ప్రశ్న "మీ బడిలో ఎలెక్టివ్ ఉన్నదా, దానికి ప్రత్యేకంగా ఉపాధ్యాయులున్నారా" అన్నది.

ఒకే పాఠం, రెండు చదువులు

సాహిత్యం చదవడం అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. ఫ్లెమింగోలో మొదటి పాఠం ఫ్రెంచి రచయిత ఆల్ఫోన్స్ డోడే కథ, ది లాస్ట్ లెసన్. 1870–71 యుద్ధంలో ఫ్రాన్సు ఓడి, అల్సాస్, లొరైన్ ప్రాంతాలు జర్మనీకి దక్కాయి. ఇకపై బడుల్లో జర్మన్ మాత్రమే నేర్పాలని బెర్లిన్ నుండి ఆజ్ఞ వస్తుంది. ఆ ఊరి బడిలో చివరి ఫ్రెంచి పాఠం జరుగుతుంటే ఎప్పుడూ రాని ఊరిపెద్దలు వచ్చి వెనుక బల్లల మీద కూర్చుంటారు. చదువును నిర్లక్ష్యం చేసిన ఫ్రాంజ్ అనే బాలుడు మొదటిసారి శ్రద్ధగా వింటాడు.

మొదటి రకం చదువు ఈ కథ సారాంశాన్ని, గురువు మనోభావాన్ని, మాతృభాషాభిమానాన్ని రాయమంటుంది. ఆ సమాధానం సరైనదే, దానికి మార్కులూ వస్తాయి. రెండవ రకం చదువు మరో ప్రశ్న వేస్తుంది. చరిత్ర చూస్తే ఆనాటి అల్సాస్ పల్లెల్లో అధికుల ఇంటి మాట జర్మన్ కుటుంబానికి చెందిన మాండలికమే. ఫ్రెంచి అక్కడ చాలామందికి బడి భాష, ప్రభుత్వ భాష. మరి కథలో ఫ్రెంచిని ఆ ఊరి సొంత భాషగా రచయిత ఎందుకు చిత్రించాడు? ఇంటి భాష గురించి కథ మౌనంగా ఎందుకున్నది? పోగొట్టుకున్నది భాషనా, దేశాన్నా?

ఈ ప్రశ్న నగరంలో ఒకే భాష మధ్య పెరిగిన విద్యార్థికి ఎవరైనా చెప్పవలసి వస్తుంది. హోసూరు, బాగేపల్లి, పర్లాకిమిడి, సిరొంచ ప్రాంతాల పిల్లలకు అది తమంతట తాముగా తట్టగలదు. ఇంట్లో తెలుగు, అంగడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, పుస్తకంలో ఆంగ్లం. ఏ భాషకు ఎక్కడ అధికారమున్నదో, ఎక్కడ ఆప్యాయత ఉన్నదో వాళ్ళు నిత్యం చూస్తూనే ఉన్నారు. సాహిత్య విద్యకు అవసరమైన పెట్టుబడి ఇదే. మన పిల్లలు ఆంగ్లంలో వెనుకబడ్డారని దిగులుపడే మనం వాళ్ళ చేతిలోని ఈ పెట్టుబడిని లెక్కలోకి తీసుకోవడం లేదు.

రాష్ట్ర బోర్డులలో పరిస్థితి

కర్ణాటక పి.యు.సి.లో విద్యార్థి రెండు భాషలు, నాలుగు ఐచ్ఛిక విషయాలు చదువుతాడు; మొత్తం 600 మార్కులు. భాషల జాబితాలో ఆంగ్లం, కన్నడం, హిందీ, సంస్కృతం మొదలైనవాటితోపాటు తెలుగు కూడ ఉన్నది. ఆంగ్లం ఒక భాషగా తీసుకున్నా రెండవ స్థానం మిగిలే ఉంటుందన్నమాట.

తమిళనాడులో మొదటి భాగం భాష, రెండవ భాగం ఆంగ్లం, మూడవ భాగంలో ఐచ్ఛికాలు. మూడవ భాగంలో కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ అనే విషయం ఒకటున్నది. మాట్లాడటం, రాయడం మీద శ్రద్ధ ఉన్నవారికి అది తగినది. బోధించే బడి దొరకాలి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని పదవ తరగతి వరకు తప్పనిసరి చేసింది. పదకొండు, పన్నెండులలో మొదటి భాగపు భాషగా తెలుగుకు అవకాశమున్నది. పదేళ్ళు బడిలో తెలుగుకు దూరమైన పిల్లలకు అది కష్టమనిపించవచ్చు, కాని అసాధ్యం కాదు.

ఒడిశా ప్లస్ టూలో ఆంగ్లం తప్పనిసరి. దానితోపాటు ఆధునిక భారతీయ భాష ఒకటి చదవాలి. ఆ జాబితాలో ఒడియాతోపాటు తెలుగు ఉన్నది. ఆ స్థానంలోనే ఆల్టర్నేటివ్ ఇంగ్లిష్ కూడ ఉన్నది. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాలు ఇక్కడే నిదానించాలి. ఆల్టర్నేటివ్ ఇంగ్లిష్ ఎంచుకున్న బిడ్డకు తప్పనిసరి ఆంగ్లం ఎలాగూ ఉన్నది. పోయేది తెలుగో ఒడియానో. ఆ నష్టం తెలిసి చేస్తే అది ఎంపిక, తెలియక చేస్తే అది గుమాస్తా కలం పోటు.

మహారాష్ట్రలో ఆంగ్లం అందరికీ తప్పనిసరి. అక్కడి ఇంగ్లిష్ యువకభారతి పాఠ్యపుస్తకంలో పదకొండవ తరగతికి నాటకం, పన్నెండవ తరగతికి నవల ప్రత్యేక విభాగాలుగా ఉన్నాయి. అందుచేత సాహిత్యం మీద మక్కువ ఉన్న నాందేడ్, చంద్రపూర్, గడ్చిరోలి, సోలాపూర్ పిల్లలు వేరే కోర్సు లేదని నిరాశపడనవసరం లేదు. ఉన్న పుస్తకాన్నే నిజంగా చదివితే చాలు.

రాత నేర్పుతున్నారా, రాయిస్తున్నారా?

కోర్సు పేరు ఏదైనా చివరికి తేల్చేది తరగతి గదిలో జరిగే పని. గైడులోని వ్యాసాన్ని నల్లబల్ల మీద రాసి, పిల్లలచేత ఎత్తి రాయించి, కంఠస్థం చేయించే బడిలో ఎలెక్టివ్ కూడ వ్యర్థమే. వారానికి ఒక పేజీ సొంత మాటలతో రాయించి, దిద్ది, మళ్ళీ రాయించే ఉపాధ్యాయుడుంటే మామూలు రాష్ట్ర బోర్డు ఆంగ్లమే గొప్ప రాత కోర్సు అవుతుంది.

దీనిని కనిపెట్టడానికి తల్లిదండ్రులకు ఆంగ్లం రానక్కరలేదు. ఆ బడిలో నిరుడు చదివిన పిల్లల నోటుపుస్తకాలు ఇద్దరు ముగ్గురివి అడిగి చూడండి. అందరి పుస్తకాలలో ఒకే వ్యాసం ఒకే వాక్యాలతో ఉంటే అది ఎత్తి రాసినది. ఒక్కొక్కరిది ఒక్కొక్క విధంగా ఉండి, మధ్య మధ్య ఎర్రసిరా దిద్దుబాట్లు, వాటి కింద మళ్ళీ రాసిన పేరాలు ఉంటే అది బోధన. కేవలం టిక్కు గుర్తులు, అడుగున సంతకం మాత్రమే ఉంటే ఆ బడిలో రాతను ఎవరూ చదవడం లేదని అర్థం. అక్షరం రాని తల్లి కూడ ఈ తేడాను చూడగలదు.

రాత మీద మరింత ఆసక్తి ఉన్నవారికి సి.బి.ఎస్.ఇ.లో మాస్ మీడియా స్టడీస్ అనే నైపుణ్య విషయం కూడ ఉన్నది. పత్రిక, రేడియో, సినిమా, ఇంటర్నెట్ మాధ్యమాల పనితీరును అది పరిచయం చేస్తుంది. అయితే దానిని బోధించే బడి అందుబాటులో ఉన్నదా అన్నది ముందు చూసుకోవాలి.

ముందున్న చదువులు

బి.ఏ. ఆంగ్లంలో చేరడానికి పన్నెండులో తప్పక ఎలెక్టివ్ చదివి ఉండాలన్నది సరికాదు. సాధారణంగా ఆంగ్లాన్ని ఒక భాషగా చదివి ఉత్తీర్ణులైనవారు అర్హులే. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశాలకు 2022 నుండి సి.యు.ఇ.టి. పరీక్ష ఉన్నది. అందులోని భాషల జాబితాలో ఆంగ్లంతోపాటు తెలుగు కూడ ఉన్నది. ఆంగ్లాన్ని లోతుగా చదవదలచినవారికి హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం పేరెన్నిక గన్నది. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఉపాధ్యాయ వృత్తి కోరేవారికి మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థ డిగ్రీని, బి.ఎడ్.ను కలిపి నాలుగేళ్ళలో చెబుతున్నది. మూడు రాష్ట్రాల సరిహద్దున కుప్పంలో 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయం దక్షిణాది భాషల తులనాత్మక అధ్యయనానికి, అనువాదానికి ఉద్దేశించినది. రెండు మూడు భాషలు వచ్చినవారికి అక్కడ వాటన్నిటితోనూ పని ఉంటుంది.

న్యాయశాస్త్రం వైపు వెళ్ళదలచినవారికి క్లాట్ పరీక్ష పెద్ద పెద్ద పేరాలను చదివి అర్థం చేసుకొనే శక్తినే ప్రధానంగా పరీక్షిస్తుంది. సాహిత్యం చదివిన అలవాటు అక్కడ నేరుగా ఉపకరిస్తుంది. వైద్యవిద్య కోరే పిల్లలు కూడ ఆంగ్లాన్ని తేలికగా తీసుకోరాదు. నీట్ అర్హత నియమాలలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతోపాటు ఆంగ్లంలోనూ ఉత్తీర్ణత అడుగుతారు.

ఇక ఎవరికి ఏది? కథో వార్తాపత్రికో చేతికి దొరికితే విడవకుండా చదివే బిడ్డ, విన్నదానికి ఎదురుప్రశ్న వేసే బిడ్డ, ఏ భాషలోనైనా సరే డైరీ రాసుకొనే బిడ్డ ఎలెక్టివ్‌కు తగినవారు. ఆంగ్లం ఇప్పుడు కొంత తడబడినా అది అడ్డంకి కాదు; రెండేళ్ళ కాలమున్నది. సైన్సు ప్రవేశపరీక్షల శిక్షణతో ఊపిరాడని పిల్లలకు కోర్ సరిపోతుంది. మాటలు ధారాళంగా వచ్చినా పుస్తకం చూస్తే విసుగుపడే బిడ్డను, ఇంగ్లిష్ పేరున్నదని సాహిత్యంలోకి నెట్టడం మంచిది కాదు.

తెలుగు సంగతి

చివరగా చెప్పవలసినది, అన్నిటికన్న ముఖ్యమైనది. ఆంగ్లం పెరగాలంటే తెలుగు తగ్గాలన్న భావన మన ఊళ్ళలో బలంగా ఉన్నది. భాష నేర్చుకొనే తీరు ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. ఒక పద్యానికి అన్వయం చెప్పగలిగిన విద్యార్థికి ఆంగ్ల కవితలో కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ అని వెదకడం కొత్త కాదు. కథలో చెప్పినదేదో, చెప్పకుండా వదిలినదేదో గుర్తించే చూపు ఒక భాషలో అలవడితే రెండవ భాషకు దానంతట అదే వెంట వస్తుంది.

సి.బి.ఎస్.ఇ. విద్యార్థులు ఆరవ విషయంగా అదనపు భాషను తీసుకొనే అవకాశమున్నది. బోర్డు జాబితాలో తెలుగు ఉన్నది. కర్ణాటకలో రెండవ భాష స్థానం, తమిళనాడులో మొదటి భాగం, ఒడిశాలో ఆధునిక భారతీయ భాష స్థానం మన కోసం తెరిచి ఉన్నవే. అడిగేవారు లేని చోట ఉపాధ్యాయుని నియమించడానికి ఏ ప్రభుత్వమూ తొందరపడదు. ఐదారు కుటుంబాలు కలిసి ప్రవేశాల సమయంలోనే లిఖితపూర్వకంగా కోరితే ఆ కాగితానికి విలువ ఉంటుంది. అంతమంది దొరకని ఊళ్ళో తాతయ్య పక్కన కూర్చొని రోజుకు ఒక పుట తెలుగు చదివించినా బిడ్డ చేతి నుండి ఆ భాష జారిపోదు.

కాబట్టి ఈ వేసవిలో దరఖాస్తు తెచ్చుకొన్నప్పుడు భాషల గడిని మొదట నింపండి. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని అడగండి. బడికి వెళ్ళి నోటుపుస్తకాలు చూడండి. ఆంగ్లంతోపాటు ఇంటి భాషకు ఏ గడిలో చోటున్నదో వెదకండి. ఆ తరువాతే సంతకం చేయండి.